మోడల్ విమానాల మీది అక్షరాలు: అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకాయన తువ్వాలులో చుట్టిన పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల 1:200 స్కేలు ఎయిరిండియా బోయింగ్ 747. కిటికీ కిటికీకీ ఎర్రటి ఝరోకా (రాజస్థానీ కోటల కిటికీ) తోరణం ఉండే ఆ పాత రంగులది. ఆయన తండ్రి విమానాశ్రయంలో ఉద్యోగం చేశారట. డెబ్బయ్యో పుట్టినరోజుకు కొడుకు కొనిచ్చిన కానుక అది. తండ్రి సంవత్సరీకానికి ఫొటో పక్కన పెడదామని, దుమ్ము పోవడానికి శానిటైజరు దూదితో తుడిచారు. దూది ఎర్రబడింది. ఎడమవైపు పదకొండు తోరణాలు గులాబీ మరకగా మిగిలాయి. "ఫ్యాక్టరీ ప్రింటు కదండీ, పోదనుకున్నాను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు సరిగా లేదు.

ప్యాడ్ ప్రింటింగ్ పనిలో ఉంటూ ఇలాంటి మోడళ్లు బాగుచేస్తున్న నేను ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: ఫ్యాక్టరీలో వేసిన గుర్తులు దేనితో తుడిచినా చెరగవు.

వాస్తవం: చెరుగుతాయి. డైకాస్ట్ విమానానికి, అంటే లోహాన్ని అచ్చులో పోసి చేసినదానికి, ఒంటి రంగు స్ప్రేతో పడుతుంది. పేరు, రిజిస్ట్రేషన్, కిటికీలు, తలుపుల గీతలు ఎక్కువగా ప్యాడ్ ప్రింటింగుతో, అంటే మనం టాంపో అనే పద్ధతితో పడతాయి. ప్లేటు మీద బొమ్మను సన్నటి గుంటలుగా తీస్తారు. గుంటల్లో సిరా నిండాక పైన మిగిలినదాన్ని బ్లేడు గీకేస్తుంది. సిరాలోని థిన్నర్ కాస్త ఆరి పైపొర జిగటెక్కగానే మెత్తటి సిలికాన్ ప్యాడ్ దాన్ని ఎత్తుకుని విమానం మీద అదుముతుంది. ప్యాడ్ గుండ్రంగా, మెత్తగా ఉంటుంది కాబట్టే వంపు తిరిగిన ఒంటి మీద కూడా బొమ్మ చక్కగా కూర్చుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, ఒక్కో అదుము. అసలు విమానం మీద 40 సెంటీమీటర్ల అక్షరం 1:400 మోడల్ మీద ఒకే ఒక్క మిల్లీమీటరు. అంత చిన్న అక్షరం కూడా చదవడానికి వచ్చేలా పడుతుందంటే ఈ పద్ధతి గొప్పతనమే.

కానీ ఆ సిరా పొర మందం మైక్రాన్లలో ఉంటుంది, తల వెంట్రుక కన్నా ఎంతో పలచన. థిన్నర్‌తో పలచబడి వచ్చిన సిరా, దాన్ని కరిగించే ద్రవం మళ్లీ తగిలితే మెత్తబడుతుంది. గట్టిపరిచే హార్డెనర్ కలిపిన సిరా కొంత తట్టుకుంటుంది, ఫ్యాక్టరీలోనే పైన లక్కర్ అనే పారదర్శక పూత కొట్టినది ఇంకొంత తట్టుకుంటుంది. మీ మోడల్‌కు ఏది వాడారో పెట్టె మీద రాసి ఉండదు. పాత గుర్తులు తీసేసి కొత్త సంస్థ రంగులు వేసుకునే హాబీ వాళ్లు ఆ చెరపడానికి వాడేవి ఏమిటో తెలుసా? గోళ్ల రంగు తీసే ద్రవం, స్పిరిట్, థిన్నర్. అవే సీసాలతో "మెరుస్తుంది, తుడవండి" అని సలహాలిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దుమ్ముకు మెత్తటి మేకప్ బ్రష్షు చాలు. ముక్కు నుంచి తోక వైపు, యాంటెన్నాలను తప్పించుకుంటూ దులపండి. వేలిముద్రలుంటే మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లతో తడిపి బాగా పిండి, రుద్దకుండా అద్దండి. అంతకు మించి ఏదీ వద్దు.

అపోహ: అవన్నీ స్టిక్కర్లే.

కావు. అనుమానముంటే భూతద్దం తీసి, మోడల్‌ను వెలుగుకు ఏటవాలుగా పట్టుకోండి. డీకాల్ (పలచటి ఫిల్మ్ మీద అచ్చువేసి అతికించే బొమ్మ) అయితే అక్షరాల చుట్టూ పారదర్శకమైన ఫిల్మ్ అంచు కనిపిస్తుంది. టాంపో అయితే సిరా ఆగిన చోటే ఒంటి రంగు మొదలవుతుంది. స్టిక్కరనుకుని గోటితో అంచు లేపబోయి పెయింటు పెచ్చు ఊడగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

డీకాల్ ఉంటే నాసిరకం అనేది కూడా తప్పే. తక్కువ సంఖ్యలో చేసే మోడళ్లకు ప్లేట్ల ఖర్చు గిట్టదు, అందుకే డీకాల్. సరిగా అతికించి పైన వార్నిష్ కొడితే ఏళ్ల తరబడి ఉంటుంది.

గీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే నకిలీ అంటారు. రంగు మారినప్పుడల్లా మోడల్‌ను, ప్లేటును మళ్లీ సరిచూసుకోవాలి, కాస్త తేడా అసలైన సరుకులోనూ వస్తుంది. "చేత్తో రాసిన అక్షరాలు" అని ఎక్కువ ధర చెప్పేవాళ్లను నమ్మకండి. ఎండ ఏమీ చేయదనే మాటా నమ్మకండి, ఎరుపు ముందుగా వెలుస్తుంది.

ఇప్పటికే తుడిచేసినవాళ్లు కంగారు పడకండి. వెంటనే ఆపి, ఆరనివ్వండి. మరక పోతుందేమోనని రెండోసారి రుద్దకండి. మిగిలినదాన్ని కాపాడదామని పైన లక్కర్ కొట్టకండి, అందులోని థిన్నర్ మిగతా అక్షరాలనూ కదిలించవచ్చు.

ఆయన దూది ఎర్రబడగానే ఆపేశారు కాబట్టి నా పని సులువైంది. పదకొండు తోరణాల కోసం ప్లేటు తీయలేను. కుడివైపు వాటిని ఫొటో తీసి, గీసి, డీకాల్ మీద అచ్చు వేశాను. ఒక్కో తోరణం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కష్టమైనది గీత కాదు, ఎరుపు. కిటికీ పక్కన పెట్టడం వల్ల ఎడమవైపు రంగు అప్పటికే కొంచెం వెలిసింది. కొత్త ఎరుపు పక్కన పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నాలుగోసారికి కలిసింది. తీసుకెళ్లేటప్పుడు ఆయన వంగి, ముక్కు దగ్గర నుంచి ఒక్కో కిటికీ వేలు తగలకుండా లెక్కపెట్టుకున్నారు.