బల్లి కాళ్లకు ఫెవికాల్ ఉంటుందా?

చిట్టీ, పండూ,

మొన్న ఫోన్లో పండు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేలోపే నానమ్మ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం. "బల్లి కాళ్లకు ఫెవికాల్ ఉంటుందా తాతయ్యా?" అన్నావు. ఉండదురా. ఒక్క చుక్క జిగురు కూడా ఉండదు. ఒంటి మీద బల్లి పడితే నానమ్మ పంచాంగం తీసి ఫలితం చూస్తుంది. నాకైతే, పొద్దస్తమానం తలకిందులుగా తిరిగే ఆ ప్రాణి పడకుండా ఎలా ఉంటుందన్నదే వింత.

ముందు మామూలు జిగురు సంగతి చెబుతాను. పోయిన సెలవుల్లో చిట్టి చేతిలో తొండం విరిగిన మన కొండపల్లి ఏనుగు గుర్తుందా? ఆ బొమ్మల్ని తెల్లపొణికి కర్రతో చేస్తారు. భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. కర్ర చేతికి నున్నగానే తగులుతుంది కానీ, బాగా దగ్గరగా చూస్తే అన్నీ గుంటలూ మిట్టలే. రెండు ముక్కలు ఆనించినా ఎక్కడో కొన్ని మిట్టలు మాత్రమే తగులుతాయి. తడి మక్కు ఆ గుంటల్లోకి దిగి, ఆరి, గట్టిపడుతుంది. తుమ్మబంకైనా, ఉడికించిన మైదా పిండైనా, నీ ఫెవికాలైనా చేసే పని దాదాపు ఇదే.

బల్లి ఆ గుంటల్లోకి జిగురు బదులు వెంట్రుకలు దింపుతుంది. మన ఈశాన్య రాష్ట్రాల్లో టోకే అనే పెద్ద బల్లి ఉంది. దాని ఒక్కో పాదం కింద సుమారు 5 లక్షల సన్నని వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక చివర చీపురులా వందల పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ కొస మిల్లీమీటరులో 5 వేలవ వంతు. కొసలు గోడకు అంత దగ్గరగా చేరితే, అణువుల మధ్య ఎప్పుడూ ఉండే బలహీనమైన ఆకర్షణ అందుకుంటుంది. దాని పేరు వాన్ డర్ వాల్స్ బలం. ఒక్క కొసకు అది లెక్కలోకి రాదు. కోట్ల కొసలు కలిస్తే మాత్రం బల్లిని మోయడం ఓ లెక్క కాదు. అమెరికాలో కెల్లర్ ఆటమ్ బృందం 2000లో ఒక్క వెంట్రుక పట్టు ఎంతో కొలిచింది. ఆ పట్టుకు కారణం ఈ ఆకర్షణేనని 2002లో ప్రయోగం చేసి చూపించింది.

నాకు నచ్చేది అంటుకోవడం కన్నా ఊడిరావడం. అంత గట్టిగా పట్టుకున్నది మళ్లీ ఎలా పరిగెడుతుంది? వేళ్లను కొస నుంచి పైకి చుట్టేస్తుంది. టేపును ఒక మూల పట్టుకుని లేపితే సులువుగా వస్తుంది చూడండి, అలా. వెంట్రుక వంపు సుమారు 30 డిగ్రీలు దాటిందంటే పట్టు వదిలేస్తుంది. ఈ కిటుకుతో తయారుచేసిన పలకలను చేతులకు పట్టుకుని, 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 70 కిలోల మనిషి 3.6 మీటర్ల నిలువు గాజు గోడ ఎక్కాడు.

ఇక తడి. కాలేజీలో ఉండగా మా నాటకానికి రాత్రంతా మేలుకుని, మైదా జిగురుతో గోడలకు పోస్టర్లు అంటించాం. తెల్లవారుజామున వాన. పొద్దున చూస్తే పోస్టర్లన్నీ కాలవలో ఉన్నాయి! నాటకానికి మా అమ్మానాన్నలే వచ్చారు. నీళ్లు చేసే పాడు పని అదే. గోడకూ జిగురుకూ మధ్య దూరిపోతాయి, గట్టిపడ్డ పిండిని మళ్లీ మెత్తబెడతాయి.

మరి సముద్రంలో అలలు బాదుతున్నా రాయిని వదలని ఆల్చిప్పల మాటేమిటి? అలాంటివి ఉన్నాయి. అవి నాలుకలాంటి కాలు చాపి రాతికి నొక్కి, ద్రవంలా ఉన్న ప్రోటీన్లు వదులుతాయి. కొద్ది నిమిషాల్లో అది దారంగా, చివర చిన్న బిళ్లగా గట్టిపడుతుంది. ఆ ప్రోటీన్లలో డోపా అనే పదార్థం ఉంటుంది. అది నీటిని పక్కకు తోసి రాతిని పట్టుకుంటుంది. 1980లలో హెర్బర్ట్ వెయిట్ అనే శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టారు. చిన్నప్పుడు మేం ఒకరి మీద ఒకరం చల్లుకుని ఏడిపించుకున్న దూలగొండి తెలుసా? దాని గింజల్లోనూ ఈ డోపానే. దురద మాత్రం కాయ మీది నూగు వల్ల.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర తీరంలో ఇలాంటి ఆల్చిప్పల్నే చూసిన కైచాంగ్ లీ అనే ఆచార్యుడికి సోయా పిండి గుర్తొచ్చింది. అది చవక, అందులో ప్రోటీన్ దండిగా ఉంటుంది. దాన్ని ఆల్చిప్ప జిగురులా పనిచేసేలా మార్చి ప్లైవుడ్ అతికించే జిగురు చేశాడు. మామూలు ప్లైవుడ్ జిగుళ్లలో ఫార్మాల్డిహైడ్ వాడతారు, అది క్యాన్సర్ కారకం. సోయా జిగురుకు దాని అవసరం లేదు. 2007లో ఆ పనికి అమెరికా ప్రభుత్వం హరిత రసాయన పురస్కారం ఇచ్చింది.

రాత్రి కిటికీ అద్దం మీదికి బల్లి వస్తే, లైటు తీసేసి లోపలి నుంచి టార్చి వేసి చూడండి. వేళ్ల కింద అడ్డంగా గీతలు కనిపిస్తాయి, వెంట్రుకలుండేది అక్కడే. అడుగు వేసేటప్పుడు వేలి కొస ఎటు చుట్టుకుంటుందో చూసి చెప్పండి. పట్టుకోకండి, తోక వదిలేసి పారిపోతుంది. ఏనుగు తొండానికి ఇంకా మక్కు కలపలేదు, మీరొచ్చాకే కలుపుదాం.

మీ తాతయ్య