కునాఫా ప్లేటు, ఇన్సులిన్ పెన్ను

పాలస్తీనాలోని నాబ్లస్ కునాఫాకి పెట్టింది పేరు. చీజ్ మీద సన్నటి పిండి పొర, పైన వేడి పాకం. పరీక్ష పాసైనా, పెళ్లి కుదిరినా అక్కడ మిఠాయి పంచాల్సిందే. టైప్ వన్ షుగర్ ఉన్న పదిహేనేళ్ల అమ్మాయికి ఆ ప్లేటు అందిస్తే అందరి చూపూ ఆమె మీదే. నిజానికి ఆమె తినొచ్చు. అందులో పిండిపదార్థం ఎంతుందో లెక్కేసుకుని, దానికి తగ్గ ఇన్సులిన్ తీసుకోవాలి. ఆ సూదిని నలుగురిలో బయటికి తీయడమే కష్టం.

ఈ జబ్బు స్వీట్లు తిన్నందువల్ల రాదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. బయటి నుంచి ఇన్సులిన్ అందకపోతే, ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది, రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. టొరంటోలో 1922లో ఈ మందు మొదట అందుకున్నదీ 14 ఏళ్ల కుర్రాడే.

ఈడొచ్చేటప్పుడు విడుదలయ్యే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. మొన్నటిదాకా సరిపోయిన డోసు ఇప్పుడు చాలదు. షుగర్ పెరిగిందని పిల్లల్ని తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. పైగా ఆడపిల్లైతే రేపు సంబంధాలు రావేమోనని ఇంట్లో టెన్షన్. అందుకే కొందరు బాత్రూంలో దాక్కుని సూది వేసుకుంటారు, కొందరు డోసే మానేస్తారు.

స్నేహితుల్లో ఒక్కరికైనా విషయం చెప్పుకున్నవాళ్లకు భారం తగ్గుతుంది. షుగర్ 70 కంటే పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికితే 15 గ్రాముల చక్కెర అందేలా జ్యూస్ తాగించి, పావుగంటయ్యాక మళ్లీ చూడాలని ఆ స్నేహితుడికి తెలిసుంటే చాలు. నాబ్లస్ ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ సైన్యం చెక్‌పాయింట్ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు కాబట్టి స్కూలు బ్యాగులో జ్యూస్ ఉండి తీరాలి. రంజాన్‌లో జబ్బున్నవాళ్లకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. అయినా తోటివాళ్లంతా ఉంటుంటే తామూ ఉండాలనిపించే వయసది.

గాజాలో 2023 అక్టోబరులో మొదలైన యుద్ధం ఈ లెక్కలన్నీ తలకిందులు చేసింది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు లేకపోతే ఫ్రిజ్ ఎక్కడిది? మన కూజాలో నీళ్లు చల్లబడినట్టే, తడి మట్టికుండలో పెడితే కొంత కాపాడుకోవచ్చు. కెన్యాలోని శరణార్థి శిబిరంలో జరిగిన అధ్యయనంలో 25–37 డిగ్రీల మధ్య నాలుగు వారాలున్నా ఇన్సులిన్ శక్తి తగ్గలేదని 2021లో తేలింది.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది తిండి సంగతి. సూది వేసుకున్నాక అన్నం దొరక్కపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే తిండికి భరోసా లేనిచోట, త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను తిన్నాక, తిన్నంతకే వేసుకోమంటారు డాక్టర్లు. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను మాత్రం పస్తున్న రోజు కూడా పూర్తిగా ఆపకూడదు.