పాత కారు వణుకు: బ్రేకుదా, క్లచ్‌దా?

పాత కారును కొనే ముందు నడిపి చూసేటప్పుడు రెండు రకాల వణుకులు చాలామందిని తికమక పెడతాయి. మంచి వేగంలో ఉండగా బ్రేకు నొక్కితే స్టీరింగ్ చేతుల్లో గిలగిలలాడడం ఒకటి. ఆగి ఉన్న బండిని మొదటి గేరులో కదిలిస్తూ క్లచ్ పెడల్‌ను నెమ్మదిగా వదులుతుంటే బండి మొత్తం దడదడలాడుతూ ముందుకు కదలడం రెండోది. అమ్మేవారు రెండింటికీ "కాస్త వైబ్రేషన్ ఉందండీ, సర్వీసు చేయిస్తే పోతుంది" అని ఒకే మాట చెబుతారు. అయితే మొదటిది ఒక లోహపు బిళ్ల ఆకారంలో వచ్చిన తేడా; రెండోది చాలాసార్లు రెండు ఉపరితలాల మధ్య ఘర్షణ స్వభావం మారిపోవడం వల్ల వచ్చేది. ఈ రెండింటినీ స్పానర్ పట్టకుండానే విడదీయవచ్చు. వణుకు సెకనుకు ఎన్నిసార్లు కొడుతోంది, ఆ లెక్క దేనితో పాటు పెరిగి తరుగుతోంది అని గమనిస్తే చాలు.

చిన్న లెక్కతో మొదలుపెడదాం. టైరుతో కలిపి చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు అనుకుంటే, చుట్టుకొలత దాదాపు 1.88 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లకు పైగా పోతుంది కాబట్టి చక్రం సెకనుకు సుమారు 12 సార్లు తిరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో 6 సార్లు. చక్రంతో పాటు తిరిగే లోహపు బిళ్ల అయిన బ్రేకు డిస్కులో ఒకచోట లోపం ఉంటే ఆ చోటు ప్రతి చుట్టులోనూ దాన్ని పట్టి ఆపే ప్యాడ్ల మధ్య నుంచి పోవాల్సిందే. అందుకే బ్రేకు వణుకు వేగంతో పాటు చిక్కబడుతుంది, బండి నెమ్మదిస్తున్నకొద్దీ పలచబడి, ఆగబోయే ముందు ఒక్కొక్క కుదుపునూ విడిగా లెక్కపెట్టగలిగేలా తయారవుతుంది. సెకనుకు పది పదిహేను సార్లన్నది స్టీరింగ్, సస్పెన్షన్ భాగాలు సహజంగా ఊగే లయకు దగ్గర. ఊయలను సరైన సమయంలో నెట్టినట్టు అక్కడ ప్రతి చిన్న తోపూ పెద్దదవుతుంది. ఒక వేగం దగ్గర భయపెట్టేంతగా వణికిన బండి అంతకంటే తక్కువ వేగంలో ఏమీ ఎరగనట్టు ఆగడానికి కారణం ఇదే. ఊళ్లో వీధుల్లో మాత్రమే నడిపి చూస్తే ఈ లోపం బయటపడదు.

బ్రేకు మీద నింద వేసే ముందు మరో రెండింటిని తప్పించాలి. బ్రేకు నొక్కకుండా సాఫీగా పోతున్నప్పుడే ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్‌నో, దెబ్బతిన్న రిమ్మునో, పొట్ట వచ్చిన టైరునో చూడాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వణికి, కాలు తీయగానే పోతే యాక్సిల్ లోపలి వైపు జాయింటు అరిగి ఉండవచ్చు. కాలు బ్రేకు మీద పెట్టగానే మొదలై, తీయగానే ఆగేది మాత్రమే మన విషయం. గట్టిగా తొక్కినప్పుడు, ముఖ్యంగా తడి రోడ్డు మీద, పెడల్ కింద గరగరమంటూ వేగంగా కొట్టుకోవడం చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ తన పని తాను చేసుకోవడమే; అది లోపం కాదు.

"డిస్కు వంగిపోయిందండీ" అన్నది ఈ రంగంలో అందరూ అనే మాట. నాకు మాత్రం ఈ మాట మీద ఎప్పుడూ అనుమానమే. మందపాటి పోత ఇనుప బిళ్ల అప్పడంలా వంగడం అరుదు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది, డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకుండా పోవడం. ప్యాడ్లు డిస్కును రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. మందమైన చోటు వచ్చినప్పుడు అది ప్యాడ్లను బయటికి తోసి, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెట్టి, ద్రవం ద్వారా పెడల్‌ను మీ పాదానికేసి కొడుతుంది; అదే క్షణంలో బ్రేకు పట్టు కూడా ఒక మెట్టు పెరుగుతుంది. పలచని చోటు రాగానే రెండూ సడలుతాయి. ఈ తేడా 15 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే చాలు, చేతులకు తెలుస్తుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వెంట్రుకలో నాలుగో వంతు తేడా టన్ను బరువున్న బండిని వణికిస్తోందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

ఆ తేడా ఎలా వస్తుందన్నది అసలు ఆసక్తికరమైన భాగం. డిస్కునూ చక్రాన్నీ బిగించే హబ్ మీద డిస్కు నిటారుగా కూర్చోకపోతే తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. చాలా కార్లలో ఈ ఊగిసలాటను 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు వరకే అనుమతిస్తారు. ఊగినంత మాత్రాన వెంటనే వణుకు రాదు, ఎందుకంటే క్యాలిపర్ దానితో పాటు జరుగుతుంది. చిక్కంతా బ్రేకు నొక్కని సమయంలో ఉంది. ఊగే డిస్కు తన ఎత్తయిన చోటును ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌కు తగిలిస్తూ పోతుంది. మన లెక్క ప్రకారం కిలోమీటరుకు సుమారు 530 తాకిళ్లు; 5,000 కిలోమీటర్లకు 26 లక్షలకు పైగా. ఒక్కొక్క తాకిడి అరగదీసేది లెక్కలోకి రానంత తక్కువ, కానీ అన్నీ ఒకే చోట పడుతున్నాయి. ఆ విధంగా ఊగిసలాట మెల్లగా మందం తేడాగా మారుతుంది. కొత్త డిస్కులు వేయించిన కొన్ని నెలలకే వణుకు తిరిగి వచ్చిందని వాపోయే వారి కథ చాలావరకు ఇదే.

వేడి రెండో దారి. 1,200 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే సుమారు 460 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. దానితో ఒక లీటరుకు పైగా నీటిని మరిగే దాకా కాయవచ్చు. అందులో ఎక్కువ భాగం ముందు డిస్కుల్లోకే పోతుంది. బాగా కాగిన డిస్కుతో బండిని ఆపి, అలాగే పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఆ చోట అంటుకుపోతుంది. ఆ మచ్చ దగ్గర పట్టు వేరు, వేడి వేరు. అక్కడ వేడి మరీ పెరిగితే పోత ఇనుములో కొంత భాగం సిమెంటైట్ అనే కఠినమైన ఇనుము, కార్బన్ల సమ్మేళనంగా మారుతుంది. చుట్టుపక్కల భాగం అరిగినా అది అరగదు. డిస్కు మీద నీలం రంగు మచ్చలు కనిపిస్తే బాగా వేడెక్కిందని గుర్తు. అలాంటిదాన్ని లేత్ మీద చెక్కించినా గట్టి భాగం లోతుకు పాకి ఉంటే వణుకు మళ్లీ వస్తుంది, మార్చడమే మేలు.

కొలిచేటప్పుడు దగ్గరగా చూడవలసిన దృశ్యం ఒకటి ఉంది. చక్రం విప్పి, డిస్కును నట్లతో సమంగా బిగించి, అంచుకు సుమారు ఒక సెంటీమీటరు లోపల, సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ మొన ఆనించి, చేత్తో డిస్కును నెమ్మదిగా తిప్పాలి. ముల్లు పది గీతలు అటు జరిగి, తిరిగి ఇటు వస్తుంది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. ఇప్పుడు డిస్కు తీసి హబ్ ముఖం చూస్తే, బోల్టు పక్కన చిన్న తుప్పు పెచ్చు కనిపించవచ్చు. 140 మిల్లీమీటర్ల వ్యాసమున్న హబ్ అంచున 0.05 మిల్లీమీటరు పెచ్చు ఉంటే, 260 మిల్లీమీటర్ల డిస్కు అంచుకు చేరేసరికి అది 0.09 మిల్లీమీటరు ఊగిసలాట అవుతుంది. ఆ పెచ్చును వైర్ బ్రష్‌తో గీకి డిస్కును తిరిగి బిగిస్తే ముల్లు దాదాపు కదలకుండా నిలబడడం చూడముచ్చటగా ఉంటుంది. పెచ్చును అలాగే ఉంచి పైన కొత్త డిస్కు వేస్తే, డబ్బు పెట్టి పాత లోపాన్ని మళ్లీ నాటినట్టే. చక్రం నట్లను ఒకదాని తరువాత ఒకటి వరసగా కాక ఎదురెదురుగా, నిర్ణీత బిగువుతో బిగించాలనడం కూడా ఇందుకే. మందాన్ని మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలవాలి. చాలా డిస్కుల మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది.

వెనుక చక్రాల సంగతి త్వరగా తేలిపోతుంది. వణుకు స్టీరింగ్‌లో కాక సీటులో, నేలలో తెలిస్తే అనుమానం వెనక్కి మళ్లించాలి. మామూలు లివర్ హ్యాండ్ బ్రేకు ఉన్న బండిలో, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో, బటన్ నొక్కి పట్టుకునే లివర్‌ను మెల్లగా లాగితే వెనుక బ్రేకులు మాత్రమే పనిచేస్తాయి. అప్పుడు వణుకు వస్తే వెనుక బ్రేకు డ్రమ్ము (బ్రేకు పట్టే గుండ్రటి గిన్నె) గుండ్రతనం పోయిందనుకోవచ్చు. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకుతో ఈ ప్రయత్నం చేయకూడదు.

క్లచ్ విషయానికి వస్తే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో బండి కదులుతున్నప్పుడు చక్రం సెకనుకు ఒక చుట్టు కూడా పూర్తి చేయదు. అదురు మాత్రం చాలా కార్లలో సెకనుకు పది ప్రాంతంలో కొడుతుంది. కాబట్టి ఆ లయ చక్రానిది కాదు. క్లచ్ ప్లేటు నుంచి గేర్‌బాక్స్, యాక్సిళ్లు, టైర్ల దాకా ఉన్న వరసంతా ఒక మెలితిరిగే స్ప్రింగులా ప్రవర్తిస్తూ, తనకు సహజమైన లయలో ఊగుతోందన్నమాట. ఊపే చెయ్యి ఏదన్నది ప్రశ్న.

ఆ చెయ్యి ఘర్షణే. హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం వదిలినప్పుడు, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకూ దాన్ని పట్టుకునే క్లచ్ ప్లేటుకూ మధ్య జారుడు ఉంటుంది. జారుడు వేగం పెరిగినకొద్దీ పట్టు కాస్త పెరిగే స్వభావం ఉన్న పూత ప్లేటు మీద ఉంటే, ప్రతి చిన్న ఊపునూ అది తానే అణచివేస్తుంది. అందుకు విరుద్ధంగా, జారుడు తగ్గినకొద్దీ పట్టు పెరిగితే, పట్టుకున్నప్పుడు మరీ గట్టిగా పట్టుకుని, వదిలినప్పుడు మరీ సులువుగా వదిలేస్తూ ప్రతి ఊపుకూ కొత్త శక్తిని అందిస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను పలికేదీ, తుప్పు పట్టిన తలుపు కిర్రుమనేదీ ఈ పట్టు విడుపుల వల్లే. నూనె సమక్షంలో ఘర్షణ వేగంతో పాటు మొదట తగ్గి, తరువాత పెరుగుతుందని బేరింగుల మీద కొలిచి చూపిన జర్మన్ ఇంజినీరు రిచర్డ్ స్ట్రైబెక్ తన ఫలితాలను 1902లో ప్రచురించాడు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినదీ అదే ఏడాది. మన రెండు వణుకులకూ ఒకే జన్మ సంవత్సరం దొరకడం కాకతాళీయమే అయినా గుర్తుంచుకోవడానికి బాగుంది.

పొడిగా ఉండాల్సిన క్లచ్ ప్లేటు మీదికి నూనె చేరితే ఘర్షణ సరిగ్గా ఆ చెడు స్వభావాన్ని తెచ్చుకుంటుంది. ఇంజిన్ వెనుక క్రాంక్‌షాఫ్ట్ సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ గూటిలోనే ఉండే హైడ్రాలిక్ సిలిండరు, ఈ మూడూ నూనె వచ్చే దారులు. ఎక్కువసేపు హాఫ్ క్లచ్‌లో నడపడం వల్ల పూత మాడి అద్దంలా నునుపెక్కడం, ఫ్లైవీలు మీద వేడి మచ్చలు పడడం తరువాతి కారణాలు. ప్లేటు రెండు పూతల మధ్య ఉండే అలల్లాంటి పలచని స్ప్రింగు రేకులు చదునైపోతే క్లచ్ మెత్తగా పట్టుకునే గుణం పోతుంది. ఇవి కాక మరో రకం ఉంది: క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్ల ఎత్తు సమంగా లేకపోతే, నొక్కుడు చుట్టుకొకసారి పెరిగి తరుగుతుంది. ఈ రకం అదురు లయ ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న వేగాల తేడాతో పాటు మారుతూ, క్లచ్ పూర్తిగా పట్టుకునేసరికి నెమ్మదించి మాయమవుతుంది. ఘర్షణ అదురు మాత్రం మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే లయలో కొడుతుంది.

పరీక్ష సులువే కానీ ఓపిక కావాలి. చదునైన నేల మీద యాక్సిలరేటర్ తొక్కకుండా పెడల్‌ను అతి నెమ్మదిగా వదలాలి. ఆపై కొద్దిపాటి ఎత్తు మీద, చివరగా రివర్స్ గేరులో ఇదే చేయాలి. అసలు పని ఎక్కడ పడుతుందో అక్కడే లోపం బయటపడుతుంది కాబట్టి ఎత్తును వదిలేయకూడదు. రాత్రంతా తేమలో నిలిపిన బండి ఉదయం రెండు మూడు సార్లు అదిరి తరువాత బాగుపడితే అది ఫ్లైవీలు మీది పలచని తుప్పు పొర మాత్రమే. వేడెక్కిన తరువాతే అదిరితే నునుపెక్కిన పూతనో వేడి మచ్చలనో అనుమానించాలి. అందుకే అమ్మేవారు ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచితే సగం సమాచారం పోయినట్టు. చల్లగా ఉన్న బండినే చూపించమని అడగడం కొనేవారి హక్కు.

మొదటి గేరుకూ రివర్స్‌కూ మధ్య అదురు బాగా తేడాగా ఉంటే క్లచ్‌ను కాసేపు పక్కన పెట్టి, ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చూడాలి. ఇంజిన్ తిప్పే శక్తికి ఎదురు తోపు ఈ రెండు గేర్లలో ఎదురు దిక్కుల్లో పడుతుంది కాబట్టి, ఒక మౌంటింగ్ రబ్బరు చిరిగి ఉంటే ఒక దిక్కులోనే లోపం ఎక్కువగా తెలుస్తుంది. బానెట్ తెరిచి, బండి ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసుకుని, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్‌ను పట్టుకునే చోటు దాకా క్షణం పాటు వదిలితే, పక్క నుంచి చూసేవారికి ఇంజిన్ ఎంత ఎగిరిపడుతోందో కనిపిస్తుంది. మౌంటింగ్ మార్చడం చిన్న పని; క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. ఈ చిన్న పరీక్షను దాటేసి నేరుగా క్లచ్ సెట్టు మార్పించుకుని, అదురు అలాగే ఉండడంతో తల పట్టుకునేవారు తక్కువేమీ కాదు.

చివరగా బండిని ఎత్తించి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు అడుగున వేలితో తుడిచి చూడాలి. నల్లగా, పలచగా అంటుకుంటే ఇంజిన్ ఆయిలు. చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వేస్తే గేర్ ఆయిలు. ఏ జిడ్డూ లేకుండా పొడి దుమ్ము మాత్రమే వస్తే నూనె కారణం కాకపోవచ్చునన్న నమ్మకం పెరుగుతుంది. ఇక బేరం మాడిన పూత గురించో, మౌంటింగుల గురించో నడవాలి.