డ్రైవర్ కర్ర 43 అంగుళాల నించి 46కి ఎలగ పెరిగింది

డ్రైవర్ కొన్నాను మావయ్యా అంటే, డ్రైవర్‌ని పెట్టుకుంటారు గాని కొంటారేటిరా అన్నాడు. గోల్ఫ్ డ్రైవర్ సంగతి చెప్తున్నాను, బ్యాగులో అన్నిటికన్నా పొడుగు కర్ర, మొదటి దెబ్బకి వాడేది. విజయనగరం వాళ్ళం మాకు ఆడ్డానికి దగ్గరంటే విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సే, మెంబరైన ఫ్రెండ్ వెనకాల ఆదివారం తెల్లారకుండా బయల్దేరి పోవాల. ఆన్‌లైన్‌లో తెప్పించిన నా డ్రైవర్ పొడుగు 45.75 అంగుళాలు, కొట్టిన ప్రతి బంతీ కుడిపక్క చెట్లలోకే పోయేది. నా స్వింగ్ బాగోదు, ఒప్పుకుంటాను, కానీ ఈ 45.75 ఎవరి ఒళ్ళు కొలిచి పెట్టారు అని వెతికితే చాలా పాత కథ బయటపడింది.

షాఫ్టంటే చేత్తో పట్టుకునే చోటుకీ కింద తలకీ మధ్య ఉండే పొడుగు కడ్డీ. మొదట్లో అది చెక్కే, హికరీ అని అమెరికా చెట్టు కలప. కొట్టేటప్పుడు మెలితిరిగిపోయేది, అందుకని వాళ్ళు నిదానంగా తిప్పేవారు. 1930లో అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ గ్రాండ్‌స్లామ్ (ఒకే ఏడు నాలుగు పెద్ద పోటీలూ) కొట్టింది కూడా ఆ కర్రల్తోనే. స్టీల్ షాఫ్ట్‌కి అమెరికా వాళ్ళు 1924లో ఒప్పుకున్నారు, బ్రిటన్‌లో రూల్స్ పెట్టే ఆర్ అండ్ ఏ వాళ్ళు 1929 దాకా నానబెట్టారు. 1931లో బిల్లీ బర్క్ స్టీల్‌తో యూఎస్ ఓపెన్ గెలిచాక ఇంక హికరీని పట్టించుకున్నోడు లేడు.

స్టీల్ వచ్చినా పొడుగు మాత్రం 43 అంగుళాల దగ్గరే ఉండిపోయింది, దశాబ్దాల పాటు. ఎందుకంటే స్టీల్ బరువు, డ్రైవర్ షాఫ్ట్ ఒక్కటే 120 గ్రాముల పైమాటే, దానికింద చెక్క తల, ఇంకా పొడుగు పెంచితే చేతికి మోతబరువై తిప్పలేరు. ఆ 43 కూడా ఒళ్ళు కొలిచి పెట్టింది కాదు, బరువు ఆపిందంతే.

ఆ కట్టు తెంచింది గ్రాఫైట్, అంటే కార్బన్ పోగుల్తో చేసిన తేలిక షాఫ్ట్. 1969లో షేక్‌స్పియర్ అనే కంపెనీలో ఫ్రాంక్ థామస్ అనే ఇంజనీరు చేశాడు, తర్వాత ఈయనే అమెరికా గోల్ఫ్ సంఘంలో చేరి ఏళ్ళ తరబడి సామాన్లకి రూల్స్ చూశాడు (తాళం చేసినోడికే కాపలా ఇచ్చినట్టు). ఇప్పుడు గ్రాఫైట్ షాఫ్టులు 50, 60 గ్రాములే. పైగా 1991లో క్యాలవే బిగ్ బెర్తా 190 సీసీ తలతో వచ్చింది, 1995లో టైటానియం పెట్టి 250 దాకా తెచ్చారు, తల పెద్దదయితే మధ్యలో తగలకపోయినా కొంత కాస్తుంది కదా, ఆ ధైర్యంతో షాఫ్ట్ పొడుగు చేసుకుంటూ పోయారు.

పొడుగయితే ఏటవుతుందో మనోళ్ళకి చెప్పక్కర్లేదు, పైడితల్లి పండక్కి సిరిమాను (బండికి కట్టి ఊరేగించే పొడుగాటి మాను) చూసినోళ్ళం. బండి దగ్గర మాను మొదలు కొంచెం ఊగితే కొసన కూర్చున్న పూజారి గారు ఎంత ఊగుతారో. డ్రైవర్‌ కూడా అంతే, కొస ఎంత దూరమయితే అంత స్పీడు, ఇటు చేతిలో వెంట్రుకవాసి తప్పితే అటు తల అంగుళం పక్కకి పోద్ది.

2004 దగ్గరికి వచ్చేసరికి రూల్స్ వాళ్ళు తలని 460 సీసీ దగ్గర ఆపేశారు, ఫేస్ (తలకి బంతి తగిలే ముందుపక్క) స్ప్రింగులాగ ఎగరేసే గుణానికి అంతకు ముందే లిమిట్ పెట్టారు, పొడుక్కి 48 అన్నారు. తలకీ ఫేస్‌కీ తాళం పడింది, పొడుక్కి మాత్రం కావల్సినంత ఖాళీ ఉంది. కంపెనీలు ఇంకేటి చేస్తాయి, షాపుల్లో డ్రైవర్ 45.5, 45.75, కొన్నయితే 46 కూడా. ఎక్కువ దూరం పోద్ది అంటే అమ్ముడవుద్ది, నేరుగా పోద్ది అంటే ఎవడు కొంటాడు. ఇది నా అనుమానం కాదు, రోజూ ఆడి డబ్బు సంపాదించే టూర్ ఆటగాళ్ళలో చాలామంది మనకి అమ్మేదానికన్నా పొట్టివే పట్టుకుంటారు. 1997 మాస్టర్స్ పోటీలో టైగర్ వుడ్స్ అంత దూరం కొట్టింది 43.5 అంగుళాల స్టీల్ షాఫ్ట్‌తో.

గొడవ ముదిరింది మాత్రం 2020 తర్వాతే. బ్రైసన్ డిషాంబో అనే అమెరికా ఆటగాడు 48 అంగుళాలది టెస్ట్ చేశాడు, 2021లో ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ళ వయసులో 47.9 డ్రైవర్‌తో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, ఆ అక్టోబర్లోనే టోర్నమెంట్లకి 46 లిమిట్ పెట్టుకోవచ్చన్న లోకల్ రూల్ వచ్చింది, 2022 జనవరి నించి అమెరికా ప్రొఫెషనల్ పోటీల పీజీఏ టూర్‌లో అమలు. అది పెట్టుకున్న పోటీలకే. మనలాంటోళ్ళకి రూల్ ఇప్పటికీ 48.

కొలవడంలో కూడా తిరకాసుంది, టేపు ఎలగ పడితే అలగ పెడితే కుదరదు. డ్రైవర్‌ని బల్ల మీద పడుకోబెట్టి, తల అడుగుని 60 డిగ్రీల వాలున్న పలకకి ఆనించి, ఆ పలకా బల్లా కలిసే చోటు నించి గ్రిప్ (చేత్తో పట్టుకునే తొడుగు) పై అంచు దాకా చూడాల. ఎవరికెంత పొడుగు సరిపోద్దో చెప్పడానికి మనిషి ఎత్తొక్కటే చూసినా చాలదు, మణికట్టు నించి నేల దాకా ఎంతుందో చూస్తారు, పొడుగు మనిషికి చేతులూ పొడుగే కాబట్టి తేడా అనుకున్నంత రాదు.

నేను తొందరపడి కోసీలేదు. ముందు నెల్లాళ్ళు అంగుళం కిందకి పట్టుకుని ఆడాను, డ్రైవర్ ఫేస్ మీద మొహం పౌడర్ చల్లి కొడితే బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుద్ది. పైకి పట్టుకుంటే మచ్చలన్నీ తల బయటి కొస వైపు, కిందకి పట్టుకుంటే మధ్యకొచ్చాయి. అప్పుడు గ్రిప్ ఊడదీసి పైనించి అంగుళం కోశాను (తల వైపు కొయ్యకూడదు, షాఫ్ట్ గుణమే మారిపోద్ది), టేపు చుట్టి, సన్నపళ్ళ రంపంతో, మూతికి గుడ్డ కట్టుకుని, ఆ పొడి మంచిది కాదు. అరంగుళం కోస్తే స్వింగ్‌వెయిట్ (తిప్పేటప్పుడు తల ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే కొలత) 3 పాయింట్లు పడిపోద్ది, అంటే అంగుళానికి 6, వెనక్కి తేవాలంటే తలకి 12 గ్రాముల దాకా అంటించాల. సీసం టేపు ఊళ్ళో ఎక్కడ దొరుకుద్ది, వలలకి కట్టే సీసం గుళ్ళు తెచ్చి సుత్తితో రేకులాగ కొట్టి అడుగున అంటించాను. దూరం తగ్గిందా అంటే నాకయితే తేడా తెలీలేదు, చెట్లలో బంతులు వెతుక్కోడం మాత్రం తగ్గింది.