డైలోఫోసారస్‌కి పడగ ఎవరు పెట్టారు?

నానీ, బుజ్జీ,

సెలవుల్లో మీరిద్దరూ ఆర్క్ గేమ్ ఆడుతుంటే వెనక కుర్చీలో కూచుని చూశాను కదా. సముద్రం ఒడ్డున నడుమెత్తు జంతువొకటి ఎదురొచ్చి, మెడ చుట్టూ పడగ విప్పి, మొహాన విషం ఉమ్మింది. స్క్రీనంతా మసకైపోయింది. "తాతయ్యా, కళ్లు పోయాయి!" అని నానిగాడు ఒకటే కేకలు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ డైలోఫోసారస్ అనే డైనోసార్ మీద జాలేసింది.

అసలు జంతువు నడుమెత్తుది కాదురా. దాదాపు 7 మీటర్ల పొడవు, 400 కిలోల బరువు. మన హాల్లో నిలబెడితే తోక వీధి గుమ్మం దాటుతుంది. 18, 19 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి అమెరికాలోని అరిజోనాలో వేటాడుతూ తిరిగింది.

మరి పడగా, విషమూ? దొరికిన ఎముకల్లో రెంటికీ ఆనవాలు లేదు. పడగ 1993లో ఒక హాలీవుడ్ సినిమా వాళ్లు తగిలించారు, గేమ్ వాళ్లు దాన్నే అందుకున్నారు. ఆస్ట్రేలియాలో అలా మెడ చుట్టూ తోలు విప్పే తొండ ఉంది. ఆఫ్రికాలో విషం చిమ్మే నాగుపాములున్నాయి. ఈ రెంటి గుణాలూ పాపం డైలో నెత్తిన పడ్డాయి.

దానికి నిజంగా ఉన్నది నెత్తిమీద జుట్టు. కోడిపుంజుకి ఉన్నట్టే, కాకపోతే ఎముకతో, పక్కపక్కనే రెండు. దాని కథ బావుంటుంది. 1940లో జెస్సీ విలియమ్స్ అని, నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగకి చెందిన ఆయన ఈ ఎముకలు చూశాడు. రెండేళ్లకి శామ్యూల్ వెల్స్ అనే శాస్త్రవేత్తని అక్కడికి తీసుకెళ్లాడు. పుర్రెమీద పల్చటి ఎముక పలక ఒకటి పైకి లేచి ఉంటే, చెంప ఎముక పక్కకి జరిగిందనుకున్నాడు వెల్స్! 1954లో మెగలోసారస్ అనే ఇంకో డైనోసార్ జాతిలో చేర్చేశాడు. 1964లో అక్కడి రాళ్ల వయసు తేల్చడానికి మళ్లీ వెళ్తే ఇంకా పెద్ద అస్థిపంజరం దొరికింది, జుట్టుతో సహా. 1970లో పేరు మార్చాడు. డైలోఫోసారస్ అంటే రెండు జుట్ల బల్లి.

అక్కడితో అయిపోలేదు. ఎముకలు లేనిచోట ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చారు. ఏది ఎముకో ఏది ప్లాస్టరో తెలియక, దవడ బలహీనం, చచ్చినవాటిని పీక్కుతినే రకం అని చాలాకాలం అనుకున్నారు. 2020లో ఆడమ్ మార్ష్, టిమోతీ రో మొత్తం మళ్లీ పరీక్షించి, దవడలు గట్టివేనని తేల్చారు.

దసరాకి హైదరాబాద్ వస్తే బిర్లా మ్యూజియంకి వెళ్దాం. గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని అక్కడ నిలబెట్టారు. ఇంచుమించు ఇదే కాలంది, కాకపోతే ఆకులు మేసేది. అందులో ఎక్కడైనా ప్లాస్టర్ కనిపిస్తుందేమో ముందు కనిపెట్టినవాళ్లకి ఐస్‌క్రీమ్.

మీ తాతయ్య