ఉబ్బే బిళ్ల లోపల: ఎమ్మారై చిత్రాల గురించి అపోహలు – వాస్తవాలు

స్టార్చ్‌తో (పిండిపదార్థంతో) చేసిన మందు బిళ్లలు నీటిలో ఎలా ఉబ్బుతాయో ఎమ్మారై చిత్రాల్లో చూసి కొలవడం నా పని. బరంపురంలో ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. తరగతిలో పిల్లలు రాసే జవాబుల్లోనూ, సెలవులకు పర్లాకిమిడి వెళ్లినప్పుడు మందుల దుకాణాల వాళ్లూ చుట్టాలూ అడిగే ప్రశ్నల్లోనూ అవే పొరపాట్లు ఏళ్ల తరబడి ఎదురవుతున్నందువల్ల ఇది రాస్తున్నాను.

అపోహ: బిళ్ల ఎంత ఉబ్బితే మందు అంత త్వరగా బయటపడుతుంది.

అది స్టార్చ్ రకాన్ని బట్టి ఉంటుంది. బిళ్ల త్వరగా విడిపోవడానికి కలిపే సోడియం స్టార్చ్ గ్లైకొలేట్ అనే మార్పు చేసిన స్టార్చ్ రేణువులు నీరు తగిలీ తగలగానే ఉబ్బి, బిళ్లను లోపలి నుంచి తోసి ముక్కలు చేస్తాయి కాబట్టి అక్కడ ఉబ్బడం వేగానికి తోడ్పడుతుంది. అమైలోజ్ (స్టార్చ్‌లోని పొడవాటి గొలుసుల భాగం) ఎక్కువగా ఉన్న స్టార్చ్‌ను రసాయనికంగా ముడివేసి చేసిన బిళ్లలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. మామూలు మొక్కజొన్న స్టార్చ్‌లో అమైలోజ్ సుమారు నాలుగో వంతు ఉంటే, ఈ ప్రత్యేక రకాల్లో 50 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. బిళ్ల పైభాగం తడిసి జెల్ పొరగా మారాక, లోపలి మందు ఆ పొరలోంచి మెల్లగా ఊరి రావలసిందే తప్ప మరో దారి లేదు.

ఈ పొరను చూడటానికి యంత్రమే అక్కర్లేదు. ఉప్మా కోసం నానబెట్టిన సగ్గుబియ్యం గింజను కాసేపయ్యాక తీసి గోటితో చీల్చండి. అంచు గాజులా మెరుస్తుంది, నడుమ తెల్లటి చుక్క మిగిలి ఉంటుంది. పచ్చి పిండి చల్లనీటిలో ఇలా నానదు, ఎందుకంటే దాని రేణువుల లోపలి అమరిక సడలాలంటే సుమారు 60 డిగ్రీలు దాటిన వేడి కావాలి. సగ్గుబియ్యానికి తయారీలోనే ఆ వేడి తగిలింది. కనుక 37 డిగ్రీల శరీరంలో స్టార్చ్ బిళ్ల గంజిలా ‘ఉడుకుతుంది’ అనుకోవడం కూడా సరికాదు. అక్కడ అది నీరు పీల్చుకుంటుందంతే.

అపోహ: చిత్రంలో నల్లగా ఉన్న చోటికి నీరు చేరలేదు.

అన్నిటికంటే ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది ఇదే. ఎమ్మారై హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని పట్టుకుంటుంది, కానీ ఆ సంకేతం పుట్టిన వెంటనే క్షీణించడం మొదలవుతుంది. స్వేచ్ఛగా కదిలే నీటిలో అది సెకన్ల కొద్దీ నిలుస్తుంది; చిక్కటి జెల్‌లో మిల్లీసెకన్లకు పడిపోతుంది; స్టార్చ్ గొలుసులను గట్టిగా అంటిపెట్టుకున్న కొద్దిపాటి తేమలో అంతకంటే ఎంతో త్వరగా ఆరిపోతుంది. మామూలు పద్ధతుల్లో యంత్రం కొన్ని మిల్లీసెకన్లు ఆగిన తరువాతే సంకేతాన్ని నమోదు చేస్తుంది కాబట్టి, ఈలోపు ఆరిపోయినదంతా చిత్రంలో నలుపే అవుతుంది. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేను ఒక బిళ్ల నడిమి నలుపును కొలిచి, అంతమేరా పొడిగా ఉందని రాసుకున్నాను. తరువాత అదే బిళ్లను బ్లేడుతో కోస్తే, పొడిపొడిగా రాలవలసిన నడిమి భాగం సాగుతూ బ్లేడుకు అంటుకుంది. అప్పటి నుంచి చిత్రంతో పాటు బిళ్లను తూచి, అది పీల్చిన నీటి బరువును సరిచూడనిదే ఏ అంకెనూ నమ్మడం లేదు.

ఇదే కారణం వల్ల తెలుపు పెరిగిన మేర నీరు పెరిగిందని లెక్కకట్టడమూ కుదరదు. వేర్వేరు ఆలస్యాలతో చిత్రాలు తీసి, సంకేతం తగ్గే తీరును వెనక్కి లెక్కిస్తే గానీ నీటి పరిమాణం తేలదు.

అపోహ: ఆసుపత్రి స్కానర్‌లో బిళ్ల పెట్టి చూస్తే చాలు.

ఆసుపత్రి చిత్రంలో ఒక్కో పొర (ఒక్కో అడ్డుకోత) మందం మామూలుగా కొన్ని మిల్లీమీటర్లు. బిళ్ల మొత్తం మందమే నాలుగైదు మిల్లీమీటర్లు కాబట్టి ఒక్క పొరలోనే అంతా కలిసిపోతుంది. అందుకే 9.4 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) వంటి బలమైన అయస్కాంతం లోపల సన్నని గొట్టంలో బిళ్లను ఉంచి, మిల్లీమీటరులో పదో వంతు, అంతకంటే చిన్న వివరాలను కూడా చూస్తాం. ఇందులో ఎక్స్‌రే వంటి కిరణాలేవీ ఉండవు గనుక మందు పాడవుతుందన్న భయం అక్కర్లేదు.

అపోహ: బిళ్ల అన్ని వైపులా ఒకేలా ఉబ్బుతుంది.

బిళ్లను అచ్చులో పైనుంచి కిందికి నొక్కి చేస్తారు. ఆ ఒత్తిడి బిగువు నీరు తగలగానే సడలుతుంది కాబట్టి, సాధారణంగా వ్యాసం కంటే మందమే ఎక్కువ పాళ్లలో పెరుగుతుంది. వ్యాసం ఒక్కటే కొలిచి ఉబ్బును లెక్కగట్టిన విద్యార్థుల రికార్డులను నేను వెనక్కి పంపేది ఇందుకే.

అపోహ: గొట్టంలో చూసిందే కడుపులోనూ జరుగుతుంది.

గొట్టంలో నీరు కదలదు, కడుపు కదులుతుంది. బిళ్ల మీదుగా ద్రవం పారేలా చేసే గదిని అయస్కాంతంలోనే అమర్చే పద్ధతి కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది అమైలేజ్ ఎంజైము. క్లోమం నుంచి పేగులోకి వచ్చే అమైలేజ్ స్టార్చ్ జెల్‌ను పైనుంచి అరిగిస్తుంది గనుక, అది లేని ద్రవంలో తీసిన చిత్రాలను చూసి మందు ఎన్ని గంటలకు బయటపడుతుందో చెప్పడం తొందరపాటు.

అపోహ: బిళ్ల రూపం మిగిలిందంటే మందు ఒంటపట్టలేదు.

పర్లాకిమిడిలో మా పెదనాన్న తన షుగరు బిళ్ల మెత్తటి ముద్దలా విరేచనంలో కనిపించిందని, అప్పటి నుంచి దాన్ని నలిపి వేసుకోవడం మొదలుపెట్టారు. నెమ్మదిగా విడుదలయ్యే బిళ్లను నలిపితే రోజంతటి మోతాదు ఒక్కసారిగా వెలువడుతుంది. ఆయన వాడే రకంలో జెల్ కట్టేది స్టార్చ్ కాదు, సెల్యులోజ్ నుంచి చేసిన పదార్థం; అయినా దాని తీరు ఇలాంటిదే. మందు కరిగి వెళ్లిపోయాక ఉత్త జెల్ గూడు మిగలవచ్చు. అలాంటి బిళ్లనొకదాన్ని గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్లలో వేసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే ఆ ముద్దను చెంచాతో తీసి, “ఇది గూడే గానీ మందు కాదు పెదనాన్నా, మందు ఈ నీళ్లలోకి వచ్చేసింది” అని ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో నొక్కి చూసి, నలిపే రోలును ఆయనే అటక మీద పెట్టించారు.