నిషేధిత పుస్తకాల పాఠం: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో డిగ్రీ పిల్లలకు తెలుగు సాహిత్యం చెబుతాను. నిషేధించిన పుస్తకాలనూ, మనుషుల ఆలోచన మార్చాలని ప్రభుత్వాలు నడిపిన పునర్విద్యనూ కలిపి చెబుతుంటాను. ఆ మాట వినగానే తల్లిదండ్రులకూ, తోటి లెక్చరర్లకూ కొన్ని అనుమానాలు వస్తాయి.

అపోహ: నిషేధించారంటే అందులో బూతో, హింసో ఉండే ఉంటుంది.

వాస్తవం: మన ఊళ్లో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో రాసిన నవల ‘మాలపల్లి’. 1922లో అచ్చయ్యాక మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మార్పులతో 1928లో బయటికొచ్చింది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పాఠ్యంగా పెట్టాక 1936లో మళ్లీ నిషేధం పడింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఎత్తేయలేదు. అంటే విద్యార్థుల చేతికి వెళ్లేసరికి సర్కారుకు మళ్లీ భయం పట్టుకుంది.

ఆ నవల్లోంచి కొన్ని పేజీలు జిరాక్స్ తీసిచ్చి, “మీరే ఆనాటి సెన్సార్ ఆఫీసర్లు. కొట్టేయాల్సిన వాక్యం కింద గీత గీసి, పక్కన కారణం రాయండి” అంటాను. మొదట అందరూ తిరుగుబాటు మాటల కోసం వెతుకుతారు. చివరికి పెన్నులు ఆగేది కూలి గురించి కూలీలు మామూలుగా మాట్లాడుకునే చోట. గీత గీస్తారు, కారణం మాత్రం రాయలేకపోతారు. ఆ ఖాళీ మార్జిన్ దగ్గరే నా పాఠం మొదలవుతుంది.

అపోహ: నిషేధాలన్నీ తెల్లదొరల పనే.

వాస్తవం: పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’. దాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, సర్కారు కంటే ముందు తప్పుబట్టింది మన పెద్దమనుషులే.

అపోహ: పునర్విద్య అంటే చిత్రహింసల జైలు, అంతే.

వాస్తవం: జైళ్లూ ఉన్నాయి. 1975 తర్వాత వియత్నాంలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి శిబిరాల్లో ఉంచారు. కానీ చైనా సాంస్కృతిక విప్లవం కథ వేరు. పట్నం యువత పల్లెలకు పోయి పేద రైతుల దగ్గర పునర్విద్య పొందాలని 1968 డిసెంబరులో మావో పిలుపునిచ్చాడు. దాదాపు 1.7 కోట్ల మంది వెళ్లారు. చాలామంది మా క్లాసులో కూర్చునే పిల్లల వయసు వాళ్లే. ఆ రోజుల్లో మనిషిని లొంగదీసుకోవడానికి వాడిన పెద్ద ఆయుధం కాగితం: నీ తప్పులు నువ్వే రాయి, చాలలేదు, మళ్లీ రాయి.

దీన్ని చెప్తే అర్థం కాదు, చేయించాలి. స్నేహితురాలికి నవల అరువిచ్చిన ఒక కల్పిత పాత్ర తరఫున ‘ఆత్మవిమర్శ’ రాయమంటాను. ఎవరి సొంత విషయమూ రాయనివ్వను, అది నా గట్టి నియమం. “నిజాయితీ లేదు, మళ్లీ రాయండి” అని తిప్పి ఇస్తాను. రెండోసారి తిప్పేసరికి ఆ పాత్ర చేయని తప్పులు కూడా పుట్టుకొస్తాయి, మిగతా స్నేహితుల పేర్లూ బయటపడతాయి. పేర్లు రాయమని నేను అడగను. అడగకుండానే ఎందుకు రాశారో మిగిలిన గంటంతా మాట్లాడుకుంటాం.

అపోహ: ఈ పేరుతో పిల్లలకు రాజకీయాలు ఎక్కిస్తారు.

వాస్తవం: ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఒకే ప్రభుత్వం తప్పులు చెబితే అది పాఠం కాదు, ప్రచారం. విజయవాడ, గుంటూరుల్లో ఎర్రజెండా ఇళ్లు చాలా ఉన్నాయి. చైనా సంగతి ఒక్కటే ఎత్తితే ఆ ఇంటి పిల్ల ముడుచుకుపోతుంది, అసలు ఎత్తకపోతే నేను అబద్ధం చెప్పినట్టు. అందుకే వలస పాలన నిషేధాలు, చైనా, మన 1975-77 ఎమర్జెన్సీ సెన్సార్‌షిప్, మూడూ పక్కపక్కన పెడతాను. ఏది ఎక్కువ తప్పో తేల్చమని పరీక్షలో అడగను. ‘ఈ వాక్యం ఎవరిని భయపెట్టింది, ఎందుకు?’ అని అడుగుతాను. జవాబుకు పుస్తకంలోంచే ఆధారం చూపించాలి. నా అభిప్రాయానికి ఎదురు రాసినా ఆధారం ఉంటే పూర్తి మార్కులు.